దరఖాస్తులోని పది గడులు

మన దేశమున విశ్వవిద్యాలయ ప్రవేశమును ప్రధానముగా మెట్రిక్యులేషన్ మార్కులే నిర్ణయించును. అందుచే మన పిల్లలకు ట్యూషను తప్ప వేఱొక లోకము తెలియదు. విదేశములలో చదువగోరు వారికి మాత్రము మఱియొక ప్రశ్న యెదురగుచున్నది: చదువు గాక నీవేమి చేసితివి?

అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయములు స్వీకరించు కామన్ అప్లికేషన్ అను దరఖాస్తులో ఇందులకు పది గడులు కలవు. ఒక్కొక్క పనిని 150 అక్షరములలో, ఖాళీలతో సహా, వర్ణింపవలెను. వారమునకెన్ని గంటలు, ఏడాదికెన్ని వారములు చేసితిమో తెలుపవలెను. బ్రిటనులో 2026 ప్రవేశముల నుండి స్వీయ వివరణమును మూడు ప్రశ్నలుగా విభజించిరి. మూడవది బడి బయట చేసిన సన్నాహమును గూర్చినది. కోరిన శాస్త్రముతో సంబంధము లేని పనులకు అచ్చట విలువ తక్కువ.

ఆ పది గడులను జూచి నేనొకసారి పొరబడితిని. అన్నియు నింపవలెనను ఆతురతతో ఒక విద్యార్థిచే ఒక సంఘమునకు కార్యదర్శి యనియు, మఱొకదానికి ఉపాధ్యక్షుడనియు వ్రాయించితిని. పదవులు నిజమైనవే, వానిలో పని లేదు. ముఖాముఖిలో "కార్యదర్శిగా నీవు తీర్చిన చిక్కొకటి చెప్పు"మని యడుగగా వాడు మౌనముగా కూర్చుండెనట. నాలుగేండ్లుగా ప్రతి వేకువను తండ్రి కూరగాయల దుకాణమున వాడు లెక్కలు వ్రాయుచుండెను. అది చిన్నతనమని తలచి ఆ పంక్తిని కొట్టివేయించినది నేనే! కుటుంబ బాధ్యతలకు, జీతపు పనులకు ఆ దరఖాస్తులోనే ప్రత్యేక శీర్షికలు గలవని పిమ్మట తెలిసినది. మన తాతలు మేస్త్రీల వెంట వచ్చి రంగూను రేవులో మూటలు మోసినవారు. చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గుపడుట మనకు అప్పటి నుండియే యబ్బెనేమో.

కనుక విద్యార్థులారా, ముందు పదవిని వెదకకుడు. మీ కంటికెదురుగా నెవ్వరును పట్టించుకొనని కొఱతను వెదకుడు. మన మందిరపు ఆదివారపు తెలుగు తరగతిలో ఒక బాలిక యిట్లే చేసెను. చిన్నపిల్లలు గుణింతముల యొద్దనే మానివేయుట ఆమె గమనించెను. బర్మా లిపికిని తెలుగు లిపికిని అక్షరక్రమ మొక్కటే: క, ఖ, గ, ఘ, ఙ. కాని బర్మా ఉచ్చారణలో ట, త లకు భేదము లేదు. రకారమును సాధారణముగా యకారముగా పలుకుదురు. మన పిల్లలు రాముని "యాముడు" అనుచుండిరి, పెద్దలు నవ్వుచుండిరి, పిల్లలు రాక మానిరి. ఆ బాలిక ఒకవైపు బర్మా అక్షరము, మఱొకవైపు తెలుగు అక్షరము గల అట్టముక్కలు తయారుచేసి, భేదమున్న అక్షరములను ఎఱ్ఱ సిరాతో వ్రాసెను. అయిదుగురితో మొదలుపెట్టి మూడేండ్లు విడువక నడిపెను. ఆమెకు ఏ పదవియు లేదు. 150 అక్షరములలో ఆ పనిని ఇముడ్చుటయే కష్టమైనది.

పదవి వచ్చిన కాదనవలదు, బరువెఱిగి తీసికొనుడు. 1936లో మన రంగూను విశ్వవిద్యాలయమున ఆంగ్ సాన్ విద్యార్థి సంఘ పత్రిక "ఓవే"కు సంపాదకుడు. అందు వెలువడిన యొక వ్యాసమును వ్రాసినవారి పేరు చెప్ప నిరాకరించినందుకు ఆయనకు బహిష్కరణ దండన విధించిరి. సంపాదకుడను మాటలో అంత పని యున్నది.

గంటలను, వారములను చివరినాడు ఊహించి వ్రాయరాదు. తొమ్మిదవ తరగతి నుండియే ఒక చిన్న పుస్తకమున తేదీతో గుర్తించుకొనుడు. ఆ బాలిక అట్లే చేసెను. ప్రయాణమునకు ముందు అట్టముక్కలతో పాటు ఆ పుస్తకమును కూడ ఒక బాలునికి అప్పగించెను. నిరుటి ఆదివారములన్నియు వాని చేతివ్రాతలోనే యున్నవి.