జలవిద్యుత్ జలాశయాలలో మత్స్య సంపద: సీలేరు నీటిమట్టాలు చెప్పే పాఠం

ఉపోద్ఘాతం

మాడుగుల కొండలలో పుట్టి, ఎగువన మాచ్‌ఖండ్ అనీ దిగువన సీలేరు అనీ పిలువబడుతూ శబరిలో కలిసే నదికి చేపతో బంధం పేరులోనే ఉన్నది. మత్స్యకుండం అన్న మాటే వాడుకలో మాచ్‌ఖండ్ అయింది. హుకుంపేట మండలంలోని మత్స్యగుండం వద్ద భక్తులు నేటికీ చేపలకు మేత వేస్తారు. ఆ మడుగులోని చేపలను ఎవరూ పట్టరు. ఇదే నదిపై గత శతాబ్దంలో జలవిద్యుత్ కోసం వరుసగా ఆనకట్టలు వెలిశాయి. ప్రవహించే నీటికి అలవాటుపడిన చేప నిలిచిన నీటిలో బతకవలసి వచ్చింది. ఆ నీరైనా ఒకే మట్టంలో నిలవదు. విద్యుత్ అవసరాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

ఇటువంటి జలాశయాలలో మత్స్య ఉత్పత్తి ప్రస్తావన వచ్చినప్పుడు ఎన్ని లక్షల చేపపిల్లలను వదిలారన్నదే సాధారణంగా చర్చకు వస్తుంది. నీటిమట్టం ఏ నెలలో ఎంత మారుతుందన్నది అంతకన్నా ముందుగా అడగవలసిన ప్రశ్న. సీలేరు పరిసర గిరిజన కుటుంబాలకు చేప అందుబాటులో ఉన్న మాంసకృత్తుల వనరు, సంతలో చేతికి వచ్చే రొక్కం కూడా. అందువల్ల ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఉన్నది.

మెట్లు మెట్లుగా జలాశయాలు

ఈ వ్యవస్థలో అన్నిటికన్నా ఎగువన ఉన్నది జోలాపుట్ జలాశయం. దీని పూర్తిస్థాయి నీటిమట్టం 2750 అడుగులు. ఇక్కడి నీటితో మాచ్‌ఖండ్ కేంద్రంలో 1955 నుండి విద్యుదుత్పత్తి జరుగుతున్నది. దాని దిగువన ఒడిశాలోని చిత్రకొండ వద్ద బలిమెల జలాశయం ఉన్నది. ఇందులోని నీటిని ఆంధ్రప్రదేశ్, ఒడిశా పంచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్ వాటా నీరు సీలేరు సమీపంలోని గుంటవాడ జలాశయానికి చేరుతుంది. దీని పూర్తిస్థాయి మట్టం 1360 అడుగులు. అక్కడి నుండి 240 మెగావాట్ల ఎగువ సీలేరు కేంద్రాన్ని దాటి, 1037 అడుగుల పూర్తిస్థాయి మట్టం గల డొంకరాయి జలాశయాన్ని, ఆ తరువాత మోతుగూడెం వద్ద 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రాన్ని చేరుతుంది.

మత్స్య శాస్త్రవేత్తకు పూర్తిస్థాయి మట్టం ఒక్కటే తెలిస్తే చాలదు. కనిష్ఠ మట్టం కూడా తెలియాలి. బలిమెలలో పూర్తిస్థాయి మట్టం 1516 అడుగులు, విద్యుదుత్పత్తికి వాడుకోదగిన కనిష్ఠ మట్టం 1440 అడుగులు. రెండింటి మధ్య తేడా 76 అడుగులు. నీరు అంతగా తగ్గినప్పుడు వెలుతురు, మేత, నీడ దొరికే ఒడ్డు ప్రాంతం బీడుగా మిగులుతుంది. గుంటవాడ, డొంకరాయి ఆ నీటిని అందుకొని కిందికి పంపే జలాశయాలు కనుక వాటి మట్టాలు విద్యుత్ కేంద్రాల పనివేళలను అనుసరిస్తాయి.

ఒడ్డు తరిగితే చేపకు కలిగే నష్టం

లోతైన కొండ జలాశయంలో సూర్యరశ్మి పైపొరలకే పరిమితం. అడుగున చల్లని, ప్రాణవాయువు తక్కువైన నీరు నిలుస్తుంది. చేపకు కావలసిన మేతలో అధికభాగం పైపొరలోని ప్లవకాల నుండి, లోతు తక్కువైన ఒడ్డు నుండి లభిస్తుంది. నీటిమట్టం తరచుగా మారేచోట నీటి మొక్కలు వేళ్లూనలేవు. వాటిని ఆశ్రయించే పురుగులు, నత్తలు కూడా నిలవవు.

సంతానోత్పత్తిపై పడే దెబ్బ ఇంకా తీవ్రమైనది. బంగారుతీగ అంటుకునే స్వభావం గల గుడ్లను ఒడ్డున ఉన్న మొక్కలపై పెడుతుంది. అవి పొదగడానికి సుమారు 2 నుండి 3 రోజులు పడుతుంది. ఈ వ్యవధిలో మట్టం కొద్ది అడుగులు తగ్గినా గుడ్లు గాలికి ఎండిపోతాయి. కొర్రమీను ఒడ్డునున్న కలుపు మధ్య గూడు కట్టి పిల్లలను కాపాడుకుంటుంది. తిలాపియా లోతు తక్కువ నేలలో గుంట చేస్తుంది. వీటికీ అదే ప్రమాదం. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపల సమస్య వేరు. ఇవి వర్షాకాలపు వరదనీటిలో, ప్రవాహంలో గుడ్లు పెడతాయి. నిలిచిన నీటిలో పెట్టవు. జలాశయంలోకి ఏరులు దిగే ముఖద్వారాలే వీటికి మిగిలిన అవకాశం.

ఈ కారణంగా ఇక్కడ బొచ్చె, శీలావతి వంటి జాతుల నిల్వలు చాలావరకు వదిలే పిల్లలపైనే ఆధారపడతాయి. కృత్రిమ ప్రేరణతో ఈ జాతుల చేత గుడ్లు పెట్టించడం 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్ వద్ద డాక్టర్ హీరాలాల్ చౌధురి బృందం సాధించింది. విత్తన సరఫరా సులభమైనది ఆ విజయంతోనే. అయితే విత్తనం దొరకడం వేరు, అది బతికి బరువు పెరగడం వేరు.

విస్తీర్ణం, దిగుబడి

మనదేశంలో 1000 హెక్టార్ల లోపు జలాశయాలను చిన్నవిగా, 1000 నుండి 5000 హెక్టార్ల వరకు ఉన్నవాటిని మధ్యతరహావిగా, అంతకు మించినవాటిని పెద్దవిగా వర్గీకరిస్తారు. 1995లో ప్రచురితమైన జాతీయ సమీక్ష ప్రకారం సగటు వార్షిక దిగుబడి చిన్న జలాశయాలలో హెక్టారుకు సుమారు 50 కిలోలు, మధ్యతరహా వాటిలో 12 కిలోలు, పెద్ద వాటిలో 11 కిలోలు మాత్రమే. సాధించదగిన దిగుబడిని వరుసగా 100, 75, 50 కిలోలుగా అంచనా వేశారు. ఈ అంతరాన్ని పూడ్చడానికి పిల్లల సంఖ్యను పెంచడం ఒక్కటే మార్గం కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. హెక్టారుకు 50 కిలోల దిగుబడి లక్ష్యం, పట్టే నాటికి చేప బరువు ఒక కిలో అనుకుంటే హెక్టారుకు 50 చేపలు చేతికి రావాలి. వదిలిన పిల్లలలో నాలుగోవంతు బతికితే 200 పిల్లలు చాలు. చిన్న పిల్లలను వదిలినందువల్ల పదోవంతే బతికితే 500 కావాలి. వాలుగ, జెల్ల వంటి మాంసాహార చేపలున్న నీటిలో 30 మిల్లీమీటర్ల పిల్ల మేతగానే మిగులుతుంది. 100 మిల్లీమీటర్ల పిల్లకు తప్పించుకునే అవకాశం ఎక్కువ.

ఏ విస్తీర్ణానికి లెక్క కట్టాలన్నది మరొక అంశం. నిండినప్పుడు 1000 హెక్టార్లు, తగ్గినప్పుడు 500 హెక్టార్లు ఉండే జలాశయానికి సగటు 750 హెక్టార్లు. హెక్టారుకు 200 చొప్పున లక్షా 50 వేల పిల్లలు సరిపోతాయి. పూర్తి విస్తీర్ణానికి లెక్క వేస్తే 2 లక్షలవుతాయి. అదనపు 50 వేల పిల్లలు వేసవిలో కుదించుకుపోయిన నీటిలో మేతకు పోటీపడతాయి.

జాతుల ఎంపిక

లోతైన నీటిలో జంతుప్లవకాలను తిని వేగంగా పెరిగే బొచ్చెకు మొదటి స్థానం ఇవ్వాలి. మధ్యపొరలకు శీలావతి, అడుగు భాగానికి ఎర్రమోసు తోడవుతాయి. నీటి మొక్కలు నిలవని చోట గడ్డిచేప వల్ల ప్రయోజనం స్వల్పం. వెండిచేప విషయంలో హిమాచల్ ప్రదేశ్‌లోని గోవింద్‌సాగర్ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. 1971లో అనుకోకుండా అందులో ప్రవేశించిన వెండిచేప కాలక్రమంలో ప్రధాన జాతిగా మారింది, బొచ్చె వెనకబడింది. వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని తొందరపడి చేయరాదు. పరిగెలు, బొమ్మిడాయి, జెల్ల, కొర్రమీను వంటి స్థానిక జాతులను తక్కువ విలువ గలవిగా చూడకూడదు. ఇంటి కూరకు, ఎండబెట్టి దాచుకోవడానికి అవే ఎక్కువగా ఉపయోగపడతాయి.

కొండవాలు సాగుతో సంబంధం

జలాశయంలోని నీటి గుణాన్ని పరీవాహక ప్రాంతం నిర్ణయిస్తుంది. తొలకరికి బోడిగా ఉన్న పోడు వాలు నుండి కొట్టుకువచ్చే మట్టి నీటిని మురికిచేసి వెలుతురును అడ్డుకుంటుంది; ప్లవకాలు తగ్గుతాయి, గుడ్లపై ఒండ్రు పేరుకుంటుంది. వాలుకు అడ్డంగా గట్లు, గడ్డివరుసలు వేయడం, నీడచెట్ల కింద కాఫీ, మిరియాలు సాగుచేయడం నేలకు చేసే మేలే నీటికీ చేస్తాయి. అయితే కాఫీ పండ్ల తొక్కుతీసిన నీటిని నేరుగా గెడ్డలలోకి వదిలితే అందులోని సేంద్రియ పదార్థం కుళ్లి ప్రాణవాయువును హరిస్తుంది. ఆ నీటిని గుంటలలో నిలిపి ఇంకనివ్వాలి.

ఆచరణీయ సూచనలు

1. జలాశయానికి సంబంధించిన గత పదేళ్ల నీటిమట్టాల నమోదును నెలవారీగా తీసి, దాని ఆధారంగా చేపల వార్షిక ప్రణాళిక తయారుచేయాలి.

2. వర్షాకాలంలో గేట్లు ఎత్తేటప్పుడు పిల్లలు దిగువకు కొట్టుకుపోతాయి. మిగులు నీటి విడుదల ముగిసిన తరువాతే పిల్లలను వదలాలి.

3. జూలైలో తెచ్చిన విత్తనాన్ని గిరిజన గ్రామాల కుంటలలో, చెక్‌డ్యాముల వద్ద రెండు మూడు నెలలు పెంచితే 100 మిల్లీమీటర్ల పిల్లలు స్థానికంగానే లభిస్తాయి. రవాణా నష్టం తగ్గి, పెంపకందారులకు ఆదాయం కూడా వస్తుంది.

4. వేసవిలో నీరు కుదించుకుపోయి చేప సులభంగా వలకు చిక్కుతుంది. ఆ కాలంలో చిన్న కన్ను వలలను ఆపకపోతే మరుసటి ఏటి దిగుబడి ముందే కరిగిపోతుంది.

5. జూన్ నుండి ఆగస్టు వరకు ఏటి ముఖద్వారాలలో వేటను నిలపాలి. జోలాపుట్, బలిమెల వంటి చోట్ల ఈ నియమం రెండు రాష్ట్రాలలో ఒకే తేదీలకు అమలైతేనే ఫలితం ఉంటుంది.

6. పంజరాలలో చేపలు పెంచదలిస్తే స్థలాన్ని కనిష్ఠ మట్టం ఉన్నప్పుడు ఎంపిక చేయాలి. నిండినప్పుడు లోతుగా కనిపించే చోటు వేసవిలో బురదగా మారవచ్చు.

ముగింపు

గుంటవాడను ఎగువ జలాశయంగా, డొంకరాయిని దిగువ జలాశయంగా వాడుకునే 1350 మెగావాట్ల ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజీ పథకం ప్రతిపాదనలో ఉన్నది. అటువంటి పథకంలో నీటిని పైకి తోడడం, కిందికి వదలడం రోజువారీ క్రియ. మట్టాలలో మార్పు నెలల లెక్క నుండి గంటల లెక్కకు మారినప్పుడు ఒడ్డున గుడ్లు పెట్టే జాతులు మరింత నష్టపోతాయి. అందువల్ల ఇప్పటి నిల్వలను, జాతులను నమోదు చేయవలసినది నిర్మాణానికి ముందే. గుడ్లు పెట్టే వారాలలో మట్టం మార్పుకు పరిమితి విధించగలమా అన్న చర్చ విద్యుత్, మత్స్య శాఖల మధ్య, వేటపై ఆధారపడిన గిరిజనుల సమక్షంలో జరగాలి. నదిలో కొంత చోటును చేపకు విడిచిపెట్టాలన్న నియమాన్ని మత్స్యగుండం వద్ద సమాజం తనంతట తానే పాటిస్తున్నది. జలాశయాలలోని ఏటి ముఖద్వారాలకు కూడా అదే నియమం వర్తించాలి.