ఎత్తు పెంచిన జీపు – ఒక చిన్న లెక్క

విద్యార్థులారా! కేశ్‌కాల్ ఘాట్ మలుపులు దాటి జగదల్‌పూర్ వచ్చినవారు మీలో చాలామంది ఉంటారు. బస్తర్ అడవి బాటల్లో రాళ్లు తగలకుండా కొందరు జీపు ముందువైపు కమాన్ కట్టలు మార్చి ఎత్తు పెంచుతారు. అప్పుడు ఛాసిస్‌తో పాటు స్టీరింగు బాక్సు పైకి లేస్తుంది, ఇరుసు మాత్రం కిందే ఉంటుంది. బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే డ్రాగ్ లింకు అనే కడ్డీ ఏటవాలు అవుతుంది.

30 సెం.మీ. స్కేలును ఆ కడ్డీ అనుకోండి. ఎడమ కొనను గోడకు అదిమి పట్టండి. అడ్డంగా ఉన్న స్కేలు కుడి కొనను 3 సెం.మీ. లేపితే, అది పక్కకు జరిగేది 2 మి.మీ. లోపే. ముందే 12 సెం.మీ. కిందికి వాలి ఉంటే, అంతే లేపినా దాదాపు 11 మి.మీ. జరుగుతుంది! పైథాగరస్ సిద్ధాంతంతో సరిచూడండి.

ఆ జరుగుడే చక్రాన్ని తిప్పుతుంది. గుంత తగిలినప్పుడల్లా డ్రైవరు తిప్పకుండానే బండి పక్కకు లాగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. ఘాట్ మలుపులో ఆ పక్కన లోయ ఉండవచ్చు. కడ్డీని వంచి వెల్డింగు చేయకూడదు. కిందికి దిగిన పిట్‌మన్ ఆర్మ్ బిగించి దాన్ని మళ్లీ అడ్డానికి తేవాలి.

అభ్యాసం: స్కేలు 6 సెం.మీ. మాత్రమే వాలి ఉంటే, 3 సెం.మీ. లేపినప్పుడు ఎంత జరుగుతుంది?