చక్కెర గొలుసులు చదివితే హైదరాబాద్‌లోనే కొలువు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగాలు వెతుక్కునే బీఎస్సీ, బీఫార్మసీ విద్యార్థులు చాలామంది కార్బోహైడ్రేట్లంటే గ్లూకోజు, పిండిపదార్థం, శక్తి అనుకుని ఆ పాఠం మూసేస్తారు. కానీ మన రక్తం ఏ గ్రూపో బీ గ్రూపో తేల్చేది ఎర్రకణం మీది గొలుసు చివరనున్న ఒక్క చక్కెర. ఎన్-ఎసిటైల్ గాలక్టోజమైన్ ఉంటే ఏ, గాలక్టోజ్ ఉంటే బీ. ఇలాంటి గొలుసుల నిర్మాణాన్నీ, పనినీ చదివే శాస్త్రం గ్లైకోబయాలజీ.

దీని విలువ శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో కళ్లారా కనిపిస్తుంది. టైఫాయిడ్ బాక్టీరియాకు 'వీఐ' అనే చక్కెర పొర ఉంటుంది. పాత టీకాలో ఆ చక్కెర ఒక్కదాన్నే ఇచ్చేవారు. రెండేళ్లలోపు పిల్లలకు అది సరిగా పనిచేయదు. అదే చక్కెరను టెటనస్ టాక్సాయిడ్ ప్రొటీన్‌కు అతికిస్తే టీ-కణాలు కూడా స్పందిస్తాయి, ఆరు నెలల పసివాళ్లకూ రక్షణ దొరుకుతుంది. భారత్ బయోటెక్ ఇలా చేసిన టైప్‌బార్-టీసీవీకి 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ వచ్చింది. టైఫాయిడ్ కాంజుగేట్ టీకాల్లో ఆ గుర్తింపు పొందిన మొదటిది అదే. 2020లో మన నగరానికే చెందిన బయోలాజికల్-ఇ టైఫిబెవ్‌కూ వచ్చింది.

కొలువులు ఉన్నది ఇక్కడే. చక్కెర ఎంత అతికింది, అతకనిది ఎంత మిగిలింది, గొలుసు తెగిపోయిందా అన్నది ప్రతి బ్యాచ్‌కీ తేల్చాలి. మూల జీవ ఔషధాన్ని పోలేలా చేసే మందులైన బయోసిమిలర్లకూ ఇదే పని. 2007లో రెడిటక్స్ అనే యాంటీబాడీ బయోసిమిలర్‌ను తెచ్చిన డాక్టర్ రెడ్డీస్ కూడా హైదరాబాద్‌దే. యాంటీబాడీ మీది చక్కెరలో ఫ్యూకోజ్ తగ్గితే కణాలను చంపే శక్తి పెరుగుతుంది. అందుకే చక్కెరల తీరు మూల ఔషధానికి దగ్గరగా ఉందని చూపాలి. క్యూసీ, అనలిటికల్ విభాగాల్లో హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ తెలిసినవాళ్లు చేసే పని ఇది. కాబట్టి బయాలజీ పిల్లలు కెమిస్ట్రీని వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఎమ్మెస్సీకి ఉస్మానియా అయితే సీపీగెట్, హెచ్‌సీయూ అయితే సీయూఈటీ-పీజీ రాయాలి. హెచ్‌సీయూ బయోకెమిస్ట్రీ విభాగంలో ప్రొఫెసర్ నడింపల్లి శివకుమార్ మానోజ్-6-ఫాస్ఫేట్ రిసెప్టర్లపై ఏళ్ల తరబడి పరిశోధించారు. కణంలో ఎంజైమ్‌లు లైసోసోమ్‌కు చేరడానికి చిరునామా ఆ చక్కెరే. పరిశోధన మీద మనసుంటే సీఎస్‌ఐఆర్ నెట్ రాయండి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. అందులో లైఫ్ సైన్సెస్ సిలబస్ మొదటి యూనిట్‌లోనే కార్బోహైడ్రేట్లున్నాయి.

వేలకు వేలు కట్టి ల్యాబ్ పరికరాలు నేర్పే స్వల్పకాలిక కోర్సులో చేరేముందు హెచ్‌పీఎల్‌సీ మీద స్వయంగా శాంపిల్ నడపనిస్తారా అని అడగండి. చూపించడంతో సరిపెడితే ఆ డబ్బు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దాచుకోండి. ప్రాజెక్టు కోసం జీనోమ్ వ్యాలీకి వెళ్లాలంటే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, జేబీఎస్‌లో దిగి శామీర్‌పేట బస్సు పట్టుకోవాలి. దూరమే, కాబట్టి ఆ నెలలకు అటువైపే గది చూసుకోవడం మేలు.