పాలు కాచినా పోనిది

పొంగు వచ్చేదాకా కాచి గానీ పిల్లలకు పాలివ్వం. ఆ కాపుకు క్రిములు చస్తాయి. రేడియోధార్మిక అయోడిన్ మాత్రం ఎంత కాచినా గిన్నెలోనే ఉంటుంది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. ఉక్రెయిన్, బెలారస్, రష్యా పల్లెల్లో రేడియోధార్మిక అయోడిన్ కలిసిన ధూళి గడ్డి మీద వాలింది. ఆ గడ్డిని ఆవులు మేశాయి, వాటి పాలు పిల్లలు తాగారు. తాగొద్దని వేళకు చెప్పినవాళ్లు లేరు. అప్పటి పిల్లల్లో, కౌమారంలో ఉన్నవాళ్లలో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ కేన్సర్లు బయటపడ్డాయి. వాటిలో గణనీయమైన భాగానికి ఆ అయోడినే కారణం. ఆపగలిగి కూడా ఆపని నష్టం ఇది.

చేయవలసినవి

అణుప్రమాదం జరిగిందని తెలియగానే ఆ ప్రాంతపు పచ్చిపాలు మానేయండి. అంతకుముందే తయారైన పాలపొడి వాడండి. పశువులను కొట్టంలో కట్టేసి, ముందే కోసి కప్పి ఉంచిన ఎండుగడ్డి వేయండి. బావికి మూత పెట్టండి. ఆ రేడియోధార్మిక అయోడిన్ (అయోడిన్-131) ప్రతి 8 రోజులకూ సగానికి తగ్గుతుంది. 80 రోజుల్లో వెయ్యో వంతుకు చేరుతుంది. అందుకే మొదటి వారాల జాగ్రత్తే ప్రాణం.

ఇలాంటి ప్రమాదంలోనే వెలువడే సీజియం-137 అలా కాదు. అది సగం కావడానికే 30 ఏళ్లు పడుతుంది. అడవి పుట్టగొడుగుల్లో, వాటిని తవ్వుకు తినే అడవిపందుల్లో ఏళ్లతరబడి పేరుకుంటుంది. అలాంటివి పరీక్షించినవైతేనే కొనండి.

పరిమితి అంటే ఏమిటో తెలుసుకోండి. 2011 మార్చిలో జరిగిన ఫుకుషిమా అణుప్రమాదం తర్వాత జపాన్ 2012 ఏప్రిల్ నుంచి కిలో ఆహారంలో సీజియం 100 బెక్వెరెల్‌లు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) మించకూడదంది. పాలకు, పసిపిల్లల ఆహారానికి 50, తాగునీటికి 10. తిండి వల్ల ఒంటికి చేరే రేడియేషన్ ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా గీసిన హద్దు అది. 101 ఉన్న కూర ఒకపూట తిన్నంత మాత్రాన ఎవరూ మంచాన పడరు. అయినా హద్దు దాటిన సరుకు అంగడికి రాకూడదు, ఆ విషయంలో మెతకతనం పనికిరాదు.

చేయకూడనివి

తినొద్దని ప్రకటించిన ఆకుకూరను కడిగాం కదా అని వండకండి. నీళ్లకు పైధూళి పోతుంది, లోపలికి ఇంకినది పోదు.

అయోడిన్ ఉప్పు కోసం ఎగబడకండి. ఫుకుషిమా ప్రమాదం వార్త విని 2011 మార్చిలో చైనాలో జనం ఇలాగే దుకాణాల ముందు బారులు తీరారు. థైరాయిడ్‌ను కాపాడేందుకు ఇచ్చే ఒక్క అయోడిన్ మాత్రలో ఉండే అయోడిన్ కావాలంటే కిలోలకొద్దీ ఉప్పు తినాలి. గాయాలకు పూసే టింక్చర్ అయోడిన్ ఎట్టి పరిస్థితిలోనూ తాగకండి.

అయోడిన్ మాత్రలు మీ అంతట మీరు మింగకండి, అధికారులు చెప్పేదాకా ఆగండి. పిల్లల చేతిలోని పాలగ్లాసు పక్కన పెట్టడానికి మాత్రం ఎవరి ఆదేశం కోసమూ చూడకండి.