రాజుగారికి అర్జీ – ఇంగ్లాండు రైతుల కథ



పోయిన సెలవుల్లో ఇంటికి వెళ్తే మా తాత రేకు పెట్టెలోంచి ఒక కవరు తీసి "ఇందులో ఏముందో చదువురా" అన్నాడు. అది మా పోడు భూమి పట్టా. ఎన్ని ఎకరాలు, హద్దులేవి, అన్నీ చదివి వినిపించాను. మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. "ఇన్నాళ్ళూ దాచాను గాని, లోపలేముందో నాకు తెలీదు" అన్నాడు. తర్వాత ఇంగ్లాండు చరిత్ర చదువుతుంటే తాతే గుర్తొచ్చాడు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

దొర భూమి, రైతు చెమట

సుమారు 700 సంవత్సరాల క్రితం ఇంగ్లాండులో భూమి ఎక్కువగా మేనర్లుగా ఉండేది. మేనరు అనగా ఒక దొర ఎస్టేటు. అక్కడి రైతుల్లో చాలామందిని విలెయిన్లు అనేవారు. వీళ్ళు వారంలో కొన్ని రోజులు దొర పొలంలో వెట్టి చేయాలి. కూతురి పెళ్ళికి దొరకు రుసుము కట్టాలి. ఇంటి పెద్ద చనిపోతే ఉన్నవాటిలో మంచి పశువును దొర తోలుకుపోయేవాడు. అన్నిటికన్నా పెద్ద కష్టం ఏమిటంటే, భూమి విషయంలో దొర అన్యాయం చేసినా రాజు కోర్టు వీళ్ళ మాట వినదు. దొర కోర్టుకే పోవాలి. అంటే ఎవరి మీద ఫిర్యాదో వారి దగ్గరే న్యాయం అడగాలన్నమాట!

ఒక్క దారి

అయితే ఒక మినహాయింపు ఉంది. 1066 నాటికి రాజు సొంత భూమిగా ఉన్న ఊళ్ళ రైతులకు కొత్త దొర వచ్చినా వెట్టి, పన్నులు పెంచకూడదు. పెంచితే రాజు కోర్టుకు వెళ్ళవచ్చు. ఏ ఊరు రాజుదో తేల్చడానికి 1086లో తయారైన డూమ్స్‌డే అనే పెద్ద భూమి లెక్కల పుస్తకం చూసేవారు.

చెషైర్ ప్రాంతంలోని డార్న్‌హాల్ రైతుల మీద ఒక క్రైస్తవ మఠం పెత్తనం చేసేది. వాళ్ళు మొదటి ఎడ్వర్డు రాజు దగ్గరికి నాగలి కర్రులు పట్టుకొని వెళ్ళారు. మీరు విలెయిన్లే అని రాజు తిప్పి పంపేశాడు. ఐనా ఊరుకోలేదు. 1336లో వాళ్ళ తర్వాతి తరం మళ్ళీ రాజు దగ్గరికి పోయి అర్జీ పెట్టుకుంది. చివరికి మఠమే గెలిచింది.

1377లో దక్షిణ ఇంగ్లాండులో కనీసం 40 ఊళ్ళవాళ్ళు డబ్బులు పెట్టి డూమ్స్‌డే పుస్తకం నుంచి రాజముద్ర వేసిన నకళ్ళు తెచ్చుకున్నారు. ఇక వెట్టి చేయమన్నారు. కాని ఆ పుస్తకం లాటిన్ భాషలో ఉంది, రైతులకు రాదు. వాళ్ళు ఆశపడిన హక్కు ఆ నకళ్ళలో లేదని అధికారులు తేల్చారు. దొరలు పార్లమెంటులో గోల చేసి, ఎదురు తిరిగినవాళ్ళను పట్టుకునేలా చట్టం తెచ్చారు.

మాట ఇచ్చి తప్పిన రాజు

1381లో తలపన్ను మీద పెద్ద తిరుగుబాటు లేచింది. జూన్ 14న మైల్ ఎండ్ అనే చోట రైతులు 14 ఏళ్ళ రాజు రెండవ రిచర్డును కలిశారు. విలెయిన్ పద్ధతి పోవాలి, కౌలు ఎకరాకు 4 పెన్నీలే ఉండాలి అని అడిగారు. రాజు సరేనని కాగితాలు రాయించి ఇచ్చాడు. మరునాడే నాయకుడు వాట్ టైలర్‌ను చంపేశారు. జూలై 2న ఆ కాగితాలన్నీ రద్దు చేశారు.

మరి వెట్టి ఎలా పోయింది? 1348–49 ప్లేగులో చాలామంది చనిపోయి పనివాళ్ళు కరువయ్యారు. దాంతో దొరలు రానురాను మెత్తబడక తప్పలేదు. దొర కోర్టు రికార్డులో రైతు పేరు, భూమి, షరతులు రాసి ఒక నకలు రైతుకిచ్చేవారు. దీన్నే కాపీహోల్డు అన్నారు. 15వ శతాబ్దం చివరికి రాజు కోర్టులు కూడా ఆ హక్కును కాపాడసాగాయి. ఆ పద్ధతి 1926 దాకా ఉంది.

నేను నేర్చుకున్నది

మిత్రులారా! 1377 రైతుల చేతిలో కాగితం ఉంది, కాని చదవడం రాలేదు. 1381 రైతులకు కాగితం ఇచ్చినవాడే చింపేశాడు. కాబట్టి కాగితం ఉండాలి, అందులో ఏముందో మనకు తెలియాలి, దాన్ని నిలబెట్టే కోర్టు ఉండాలి. మూడూ ఉంటేనే భూమి మనది. మొదటి రెండూ మన చేతిలో పనే. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో కాగితం కూడా చదివి పెద్దవాళ్ళకు వినిపించండి.

ప్రశ్నలు
1. విలెయిన్లు రాజు కోర్టుకు ఎందుకు వెళ్ళలేకపోయారు?
2. 1377లో తెచ్చుకున్న నకళ్ళు ఎందుకు పనికి రాలేదు?
3. కాపీహోల్డు అనగా నేమి?

జవాబులు రాసి ఈ పత్రిక కిందనే అంటించగలరు.