రోళ్లపాడు గడ్డిబీడు – పంచాయతీల కర్తవ్యము

గడ్డి తప్ప మరేమియు మొలవని నేలను మనము బీడు అందుము, పనికిరానిదని తలంతుము. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో కల్లూరు ప్రాంతపు పంచాయతీ సభ్యులు రోళ్లపాడును చూచి గ్రహింపవచ్చును.

నందికొట్కూరు ప్రాంతమున, మిడుతూరు మండలములో రోళ్లపాడు కలదు. 2022 వరకు కర్నూలు జిల్లాలో నుండిన ఈ గ్రామము ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. బట్టమేక పిట్టను కాపాడుటకై 1988లో ఇచ్చట 614 హెక్టార్ల నేలను అభయారణ్యముగా ప్రకటించిరి. ఇందు మగపిట్ట దాదాపు ఒక మీటరు ఎత్తుండును. ఆడుది సాధారణముగా ఒక కారుకు ఒక్క గ్రుడ్డే, అదియు కటికనేలపై పెట్టును. దూరము నుండియే శత్రువును కనిపెట్టుటకు దానికి విశాలమైన బయలు కావలయును.

పూర్వము చుట్టుప్రక్కల జొన్న, కొర్ర వంటి మెట్టపైరులు పండెడివి. పిట్టలు ఆ చేలలో తిరిగి మిడుతలను, పురుగులను తినెడివి. అందుచే అభయారణ్యము చిన్నదైనను వాటికి జరుగుబాటయ్యెను. తరువాత కాలువనీరు వచ్చినది. సమీపమున అలగనూరు జలాశయము వెలసినది. మెట్ట తగ్గి మాగాణి పెరిగినది. పశువుల మేతకును బీడు తరిగి, మిగిలిన గడ్డిపై ఒత్తిడి హెచ్చినది. మరొకవంక, రక్షణ పొందిన కృష్ణజింకలు వృద్ధిచెంది రైతుల పైరులపై పడసాగినవి. బట్టమేక పిట్ట కనబడుటయే అరుదైపోయినది. అభయారణ్యపు హద్దు లోపల కాపలా యున్నను, హద్దు వెలుపలి నేల మారినది.

కరవుసీమ రైతు నీటిని కోరుట దోషము కాదు. జింకలు పైరు మేసిన నష్టమును అతడొక్కడే భరింపవలెననుటయు న్యాయము కాదు. కావున గ్రామముల సహకారము లేనిదే ఈ రక్షణ నిలువదు. పంచాయతీలు చేయదగిన పనులు ఇవి:

1. మేతబీళ్లను ఆక్రమణలకు గురికానీయక, వంతులవారీగా పశువులను మేపించుట.

2. బట్టమేక వంటి బయలు పక్షులు తిరుగు గడ్డినేలలో చెట్లు నాటకుండుట. చెట్లు మంచివే యైనను ఆ పక్షులకు బయలే ఇల్లు.

3. గ్రుడ్లను, పిల్లలను తినివేయు ఊరకుక్కలను అటు పోనీయకుండుట.

4. పంటనష్టమును వెంటనే అటవీశాఖకు తెలిపి, రైతుపక్షమున నిలుచుట.

5. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి యాజమాన్య సంఘమును ఏర్పరచి, గ్రామమందలి గడ్డిని, పక్షులను, పశుజాతులను పట్టికలో వ్రాయించుట.

బీడును పనికిరాని నేలగా లెక్కించినచో అది పరుల పాలగును. అది గొఱ్ఱెలకు మేత, వానకు చెలమ, పక్షికి గూడు అని గుర్తించిన గ్రామమే దానిని నిలుపుకొనగలదు. రాబోవు గ్రామసభలో మన యూరి బీడెంత, అది ఎవరి స్వాధీనమున నున్నది అను ప్రశ్నను సభ్యులు ముందుగా చర్చకు తేవలయునని కోరుచున్నాము.