మీటలా? గాజు పలకా?

మీ ఇంట్లో టీవీ రిమోటు ఉందా? ఒకసారి చేతిలోకి తీసుకోండి. కళ్ళు మూసుకుని 5 అంకె మీట ఎక్కడుందో బొటనవేలితో వెతకండి. చాలా రిమోట్లలో ఆ మీట మీద చిన్న బొడిపె ఒకటి వేలికి తగులుతుంది. అది దొరికితే చాలు. దానికి పైన 2, కింద 8, ఎడమవైపు 4, కుడివైపు 6. చూడకుండానే అన్నీ పట్టుకోవచ్చు.

ఇప్పుడు అమ్మనో నాన్ననో అడిగి వాళ్ళ ఫోను తీసుకోండి. తెర మీదికి అంకెలు తెచ్చి, మళ్ళీ కళ్ళు మూసుకుని 5 నొక్కండి. కళ్ళు తెరిచి చూస్తే ఏం నొక్కారో తెలిసి మీకే నవ్వొస్తుంది!

ఇందులో వింతేమీ లేదు. గాజు నున్నగా ఉంటుంది. దాని మీద అంకెలు కంటికి కనిపించే బొమ్మలే తప్ప వేలికి తగిలే వస్తువులు కావు. కానీ ఈ చిన్న తేడా ఒకప్పుడు ఫోను కొనబోయే వాళ్ళను పెద్ద సందిగ్ధంలో పడేసింది. ఎవరిని సలహా అడిగినా ఒకరు చెప్పినదానికి ఇంకొకరు చెప్పేది పూర్తిగా విరుద్ధం. ఎవరి మాట నమ్మాలి? ఆ కథ కొంచెం వివరంగా చూద్దాం.

1999లో కెనడా దేశపు కంపెనీ ఒకటి బ్లాక్‌బెర్రీ అనే చిన్న పరికరాన్ని తెచ్చింది. అందులో మాట్లాడటానికి వీలుండేది కాదు, ఉత్తరాలు మాత్రం పంపుకోవచ్చు. దాని మీద కంప్యూటరుకి ఉన్నట్టే అన్ని అక్షరాలకీ వేరువేరు మీటలుండేవి. తరువాత అదే ఫోనుగా మారింది. రెండు బొటనవేళ్ళతో చకచకా ఉత్తరాలు రాసేవాళ్ళు ప్రపంచమంతా తయారయ్యారు. ఇంతలో 2007 జూన్‌లో అమెరికాలో ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. దాని మీద అక్షరాల మీట ఒక్కటీ లేదు, ఉన్నదంతా గాజు తెరే. ఆ మరుసటి సంవత్సరం, 2008 అక్టోబరులో, ఈ రెంటినీ కలిపినట్టుండే ఫోను ఒకటి వచ్చింది. దాని పేరు టీ-మొబైల్ జీ1. తయారుచేసింది తైవాన్‌కి చెందిన హెచ్‌టీసీ. నేడు మన దేశంలో ఎక్కువమంది ఫోన్లను నడిపిస్తున్న ఆండ్రాయిడ్ అనే ప్రోగ్రాముల వ్యవస్థతో అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి ఫోను అదే.

జీ1కి పైన వేలితో తాకే తెర ఉంది. ఆ తెరను పక్కకి తోస్తే కింద దాగి ఉన్న అయిదు వరుసల మీటల పలక బయటపడుతుంది, బల్లకి సొరుగులాగా. ధర 179 డాలర్లు. అప్పటి లెక్కలో ఎనిమిది తొమ్మిది వేల రూపాయల మధ్య. అయితే ఆ ధరకి ఇవ్వాలంటే రెండేళ్ళపాటు అదే టెలిఫోను కంపెనీకి నెలనెలా డబ్బు కడతానని ఒప్పందం రాసివ్వాలి. అంటే నచ్చకపోయినా రెండేళ్ళు భరించక తప్పదు! అందుకే కొనేముందు వాడినవాళ్ళ మాటలకి అంత విలువ వచ్చింది.

ఇంతకీ వాళ్ళేమన్నారు? రోజూ ఉత్తరాలు రాసేవాళ్ళు మీటలున్నందుకు సంతోషించారు. కొందరు ఆ మీటలు మరీ చదునుగా ఉన్నాయన్నారు. ఫోను కింది అంచు కొద్దిగా ముందుకి వంగి ఉండేది. ఫోనును అడ్డంగా పట్టుకుంటే ఆ గట్టు కుడిచేతి కిందికి వచ్చేది. దాన్ని దాటి బొటనవేలు చాపాలంటే ఇబ్బందే అని మరికొందరు. బ్యాటరీ సాయంత్రం దాకా రావడం కష్టమని చాలామంది. పాటలు వినే తీగ పెట్టుకోవడానికి మామూలు రంధ్రం లేదని ఒక ఫిర్యాదు. తెర మీద అక్షరాలు రావేమని ఇంకొక ఫిర్యాదు. అవును, మొదట్లో జీ1 తెర మీద అక్షరాల పలక లేనేలేదు. ఒక్క మాట రాయాలన్నా సొరుగు లాగవలసిందే!

ఈ ఫిర్యాదులన్నీ ఒకే రకానివా? కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఫోను లోపల ఏం జరుగుతుందో చూడాలి.

మీట కింద ఏముంది?

ఫోను మీటను విప్పి చూస్తే దాని కింద బొట్టుబిళ్ళంత పల్చని రేకు ఉంటుంది. బోర్లించిన గిన్నెలాగా అది కొద్దిగా ఉబ్బి ఉంటుంది. వేలితో నొక్కగానే ‘టిక్’మని లోపలికి వంగి కిందనున్న లోహాన్ని తాకుతుంది. విద్యుత్తు పారే దారి పూర్తవుతుంది. వేలు తీయగానే రేకు మళ్ళీ పైకి లేస్తుంది. ఆ ‘టిక్’ వేలికి తెలుస్తుంది కనుకనే ‘నొక్కాను’ అన్న నమ్మకం కళ్ళతో చూడకుండానే కలుగుతుంది.

సరే, పలక మీద 50 మీటలున్నాయనుకోండి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీగ లాగితే 50 తీగలు కావాలి. అంత చిన్న ఫోనులో చోటేదీ? ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. 5 తీగలు అడ్డంగా, 10 తీగలు నిలువుగా పరిచి, అవి ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా ఒక మీట పెట్టారు. అయిదు పదులు యాభై మీటలు. తీగలు మాత్రం పదిహేనే!

మరి ఏ మీట నొక్కామో ఎలా తెలుస్తుంది? మీ తరగతిలో పిల్లలు అయిదు వరుసల్లో కూర్చున్నారు. టీచరుగారు “మొదటి వరుసలో చెయ్యెత్తినవాళ్ళెవరు?” అని అడిగి, తరువాత రెండో వరుసను, మూడో వరుసను అడుగుతూ పోతారు. ఫోనులోని చిప్పు కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. ఒక్కొక్క అడ్డు తీగలోకి విద్యుత్తు పంపి, ఏ నిలువు తీగలోంచి బయటికి వచ్చిందో చూస్తుంది. మూడో అడ్డు తీగ, ఏడో నిలువు తీగ అయితే ఆ రెండూ కలిసేచోట ఉన్న మీటే నొక్కినట్టు. ఈ అడగటం సెకనులో ఎన్నోసార్లు జరిగిపోతుంది.

ఇక్కడొక చిక్కుంది. గరిటె నేలమీద పడితే ఒక్కసారి మోగి ఊరుకోదు కదా, టంగ్, టంగ్, టంగ్ అని ఎగిరెగిరి పడుతుంది. రేకు కూడా అంతే. ఒకసారి నొక్కినా సెకనులో వెయ్యోవంతుల కాలంలోనే రెండు మూడుసార్లు తగిలి విడిపోతుంది. చిప్పు తొందరపడితే ‘అ’ అని నొక్కితే ‘అఅఅ’ అని పడుతుంది. అందుకని అది కాసేపు, అంటే సెకనులో కొన్ని వెయ్యోవంతులు, ఓపిక పట్టి, రేకు స్థిరపడ్డాకే అక్షరాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

గాజు తెరలో కదిలేదంటూ ఏదీ లేదు. గాజు మీద కంటికి కనిపించనంత పల్చగా విద్యుత్తు పారే పదార్థంతో గళ్ళు పూసి ఉంటాయి. మన శరీరం విద్యుద్వాహకం. వేలు దగ్గరికి రాగానే అక్కడి గడి విద్యుదావేశాన్ని పట్టి ఉంచే శక్తి మారుతుంది. ఆ మార్పును కొలిచి వేలు ఎక్కడ ఆనిందో చిప్పు లెక్క కడుతుంది. ప్లాస్టిక్ పెన్ను మూతతో తెరను తాకి చూడండి, ఏమీ జరగదు!

కానీ వేలికొస తెర మీది అక్షరం కంటే లావు. రెండు మూడు అక్షరాలు ఒకేసారి వేలి కిందికి వస్తాయి. ఇక్కడ ఫోను ఊహించడం మొదలుపెడుతుంది. మీరు ‘తెలు’ అని రాశారు, తరువాత ‘గు’ వచ్చే అవకాశం ఎక్కువ. కనుక కంటికి మాత్రం అన్ని గళ్ళూ ఒకే సైజులో చూపించి, లోలోపల మాత్రం రాబోయే అక్షరం గడిని పెద్దది చేసుకునే ప్రోగ్రాములున్నాయి. మీరు కాస్త పక్కన నొక్కినా సరైన అక్షరమే పడుతుంది. ప్లాస్టిక్ మీట ఈ పని చేయలేదు. అది ఎంత ఉందో అంతే ఉంటుంది.

రెండు రకాల లోపాలు

ఇప్పుడు ఆ ఫిర్యాదుల దగ్గరికి వద్దాం. తెర మీద అక్షరాలు రావన్నది ప్రోగ్రాము లోపం. 2009 ఏప్రిల్‌లో వెలువడిన ఆండ్రాయిడ్ 1.5 దాన్ని సరిచేసింది. కొన్న ఫోనే, కొత్త ప్రోగ్రాము ఎక్కించుకోగానే తెర మీద అక్షరాల పలక వచ్చింది. అంతకుముందు లేని వీడియో తీసే సౌకర్యం కూడా వచ్చింది. కానీ కుడిచేతికి అడ్డొచ్చే గట్టు? అది ప్లాస్టిక్. ఎన్ని కొత్త ప్రోగ్రాములు వచ్చినా అంగుళం కదలదు. పాటల తీగ రంధ్రమూ అంతే.

ప్రోగ్రాము లోపాలలో ఒకటి మహా తమాషాగా ఉంటుంది, చెప్పకుండా ఉండలేను. 2008 నవంబరులో కొందరు జీ1 వాడేవాళ్ళు ఒక వింత గమనించారు. మీటల మీద ‘రీబూట్’ అన్న ఇంగ్లీషు మాట కొట్టి ఎంటర్ నొక్కితే ఫోను ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది! రీబూట్ అంటే యంత్రాన్ని ఆపి మళ్ళీ నడిపించమని ఆజ్ఞ. మీరు రాసేది స్నేహితుడికి ఉత్తరం. కానీ తయారీలో పొరపాటున, ఆజ్ఞలు వినే ప్రోగ్రాము ఒకటి లోపల మేలుకొనే ఉండిపోయింది. మీటల మీద కొట్టిన ప్రతి అక్షరమూ ఉత్తరంలోకే కాక దాని చెవిలో కూడా పడేది. దానికి సర్వాధికారాలూ ఉన్నాయి కనుక వినగానే చేసేసేది. ‘అన్నీ చెరిపెయ్యి’ అనే ఆజ్ఞ ఎవరైనా పొరపాటున కొట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి! కొద్ది రోజుల్లోనే దిద్దిన ప్రోగ్రామును పంపి ఆ చెవి మూసేశారు. వినడానికి ఇంత భయంకరమైన లోపం అంత సులువుగా పోయింది. ప్లాస్టిక్ గట్టు మాత్రం, వినడానికి చిన్నదే అయినా, ఫోను ఉన్నన్నాళ్ళూ ఉంది.

అలాగని ‘ప్రోగ్రాము లోపమే కదా, రేపు సరిచేస్తారులే’ అనుకోవడానికీ ఒక హద్దుంది. కొత్త ప్రోగ్రాములు పెద్దవవుతాయి, వాటికి చోటు కావాలి. జీ1లో శాశ్వతంగా దాచుకునే జ్ఞాపకశక్తి 256 మెగాబైట్లు, పనిచేసేటప్పుడు వాడుకునేది 192 మెగాబైట్లు. 2009లోనే వచ్చిన ఆండ్రాయిడ్ 1.6 తరువాత కంపెనీ ఆ ఫోనుకి కొత్త ఆండ్రాయిడ్ పంపలేదు. రెండేళ్ళ ఒప్పందం ఇంకా సగం కూడా పూర్తికాని వాళ్ళెందరో!

చెప్పేవాళ్ళెవరు?

ఇంకొక సంగతి కూడా చూడాలి. మీటల మీద బాగా అలవాటైనవాళ్ళు గాజు మీద రాయలేం అన్నారు. అది అబద్ధం కాదు. కానీ వాళ్ళు చెప్పింది గాజు గురించా, తమ అలవాటు గురించా? మీరే పరీక్షించవచ్చు.

ఎవరింట్లోనైనా మూలపడ్డ పాత బటన్ ఫోను దొరికితే తెచ్చుకోండి. దొరక్కపోతే కంప్యూటరు మీటల పలకైనా ఫరవాలేదు, అయితే రెండు బొటనవేళ్ళతోనే కొట్టాలి. మీ ఇంగ్లీషు పాఠంలోంచి అయిదు వాక్యాలు తీసుకోండి. స్నేహితుడు గడియారం పట్టుకుంటే మీరు ముందు మీటల మీద, తరువాత గాజు మీద రాయండి. పట్టిన సమయం, పడిన తప్పులు రెండూ రాసుకోండి. వారం రోజులు దేన్ని తక్కువ వాడతారో దాని మీద అభ్యాసం చేసి మళ్ళీ కొలవండి. ఫోనులో తప్పులు దిద్దే ప్రోగ్రామును ఆపి ఒకసారి, నడిపించి ఒకసారి కొలిస్తే ఇంకా బాగుంటుంది. మొదటి రోజు అంకెలు, ఏడో రోజు అంకెలు పక్కపక్కన పెట్టండి. తేడా ఎంత ఉంటే అంతమేరకు మొదటి రోజు మీ అభిప్రాయం అలవాటు చెప్పిన మాటే.

నా మటుకు నాకు ఇప్పటికీ మీటలే ఇష్టం. ఆ ‘టిక్’ మీద మమకారం పోలేదు. కానీ లోకం మరో దారిన పోయింది. 2009లో మన దేశానికి వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను హెచ్‌టీసీ మ్యాజిక్‌కి మీటల పలక లేదు. బ్లాక్‌బెర్రీ సొంత వ్యవస్థతో నడిచే పాత ఫోన్లకి ఆ కంపెనీ 2022 జనవరి 4న సేవలు నిలిపివేసింది.

ఐఫోన్‌ను 2007 జనవరిలో చూపిస్తూ స్టీవ్ జాబ్స్ అన్నది కూడా ఈ విషయమే. ప్లాస్టిక్ మీటలు అవసరం ఉన్నా లేకపోయినా అక్కడే ఉంటాయి, తరువాత మంచి ఆలోచన వచ్చినా కొత్త మీట చేర్చలేం అని. ఆయన మనసులో తెలుగు ఉండి ఉండదు. అయినా ఆ మాట మనకి ఎంత వర్తిస్తుందో చూడండి. జీ1 మీటల మీద అచ్చువేసినవి ఇంగ్లీషు అక్షరాలు 26. మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు ఆ ప్లాస్టిక్ మీద ఎక్కడ ఇరికించాలి? గాజు మీదైతే అక్షరాల పలక ఒక బొమ్మ మాత్రమే. ఒకచోట తాకితే ఇంగ్లీషు పోయి అ, ఆ, ఇ, ఈ వచ్చి కూర్చుంటాయి, ‘క’ నొక్కగానే గుణింతమంతా వరుసగా నిలబడుతుంది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో తెలుగు, కన్నడ, మలయాళ లిపులు చేరాయి. అప్పటికి జీ1 ఇంకా 1.6 దగ్గరే ఆగి ఉంది.